పోలయ్య తలదగ్గరి చెంబు

నేను ఒక చెంబును. ఇత్తడి చెంబును. ముందు ఈ ఒక్క సంగతి తేల్చుకుని ఆ తర్వాత మిగతా కథలోకి వెళదాం. ఎందుకంటే నన్ను పెట్టిన గాజుపెట్టె ముందు ఒక అట్టముక్క ఉంది. దాని మీద ‘కెప్టెన్ హార్‌గ్రేవ్ గారి విజయపాత్ర’ అని బంగారు రంగులో రాసి ఉంది. ఉత్తర సముద్రంలో మనిషన్నవాడు లేని ఒక ద్వీపాన్ని ఆయన కనిపెట్టాడట. ఆ ఆనందంలో నాలో ద్రాక్షసారా పోసుకుని, తమ రాజుగారి పేరు చెప్పి తాగాడట. ఆ పైన తన రాకకు గుర్తుగా ఒక రాళ్లగుట్ట కట్టించి, నన్ను దాని మీద వదిలి వచ్చాడట. ఈ ‘అట’ల్లో ఒక్కటీ నిజం కాదు. ఆ పెద్దమనిషి నన్ను ఒక్కసారి కూడా చేత్తో ముట్టుకోలేదు.

నా అడుగు కాస్త ఉబ్బి ఉంటుంది. బల్ల మీద పెడితే ఓ పక్కకి ఒరుగుతాను. దాని గురించి కూడా అట్టముక్క మీద రాశారు. ఓడ ఎంత ఊగినా పానీయం ఒలికిపోకుండా పనివాళ్లు కావాలనే అడుగును అలా మలిచారట. పేరుమోసిన పండితుడు ఒకాయన దీని మీద వ్యాసం రాసి, నా ఎదుటే నిలబడి నలుగురికీ చదివి వినిపించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఉబ్బు ఎలా వచ్చిందో నాకు తెలుసు, మీకూ చెబుతాను.

ఆ రాళ్లగుట్ట గుర్తు కాదు, సమాధి. దాని కింద ఉన్నవాడు కోరంగి మనిషి, సంగాడి పోలయ్య. ఈ రెండు ముక్కలు ఎవరో ఒకరికి తెలియాలని ఇన్నేళ్లుగా కాచుకుని కూర్చున్నాను. నాకు నోరు లేదు గానీ ఒంటి మీద అక్షరాలున్నాయి. వాటి గురించి కూడా మొన్నటిదాకా అట్టముక్క మీద ఉండేది: ‘చుక్కల అలంకారం’ అని!

నేను పుట్టింది గోదావరి పాయ ఒడ్డున ఒక కంచరి వీధిలో. విరిగిన గుడిగంట ఒకటి, చిల్లులు పడ్డ పళ్లేలు కొన్ని, మూత పోగొట్టుకున్న మరచెంబు ఒకటి కలిపి కరిగించి మట్టిమూసలో పోశారు. ఆరాక తరిమెన మీద గిరగిరా తిప్పి నునుపు చేశారు. గంట ముక్క నాలో ఉండబట్టేనేమో, నాకు మొదటినుంచీ కోపం ఎక్కువ. కోరంగి రేవులో ఓడలు కట్టే చోట కామాడి వారి పిల్ల అచ్చమ్మకి పెళ్లి కుదిరితే సారె సామాన్లలో బిందెతో పాటు నన్నూ కొన్నారు.

గిన్నెల మీద పేర్లు కొట్టే ముసలాయన ఒకడు ఊళ్లు తిరుగుతూ వచ్చాడు. ఎవరి పేరు కొట్టమంటారని అడిగాడు. అల్లుడి పేరు కొట్టమన్నాడు అచ్చమ్మ తండ్రి. తల్లి ఒప్పుకోలేదు.

“సామాను మాది. పిల్ల పేరే కొట్టండి. రేపు అత్తోరింట్లో వాటాలు పడితే ఎవరిదేదో తెలవద్దా?” అంది.

ముసలాయన నన్ను ఒళ్లో పెట్టుకుని, శీలతో చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ ‘కామాడి అచ్చంమ’ అని రాశాడు. ఆ రోజుల్లో మకారం కింద ఒత్తు పెట్టడానికి బదులు ముందు సున్న పెట్టేవాళ్లు. నొప్పి పుట్టిన మాట నిజమే. కానీ పేరున్న చెంబుకి ఇంట్లో ఉండే మర్యాద వేరు. ఇరుగుపొరుగు అడిగి పట్టుకెళ్లినా మళ్లీ మన గడపకే తిరిగొస్తాం.

అచ్చమ్మ మొగుడే పోలయ్య. ఓడ మీద కళాసి. తెరచాపలు ఎత్తడం, దించడం, తాళ్లు లాగడం అతని పని. అచ్చమ్మ తమ్ముడు ఎర్రయ్య కూడా బావ వెంటే ఓడెక్కేవాడు. కోరంగిలో కట్టిన ఒక పెద్ద ఓడ సరుకుతో లండనుకి బయల్దేరినప్పుడు ఇద్దరూ దాని మీద వెళ్లారు. రేవు గట్టు మీద అచ్చమ్మ నన్ను నీళ్లతో నింపి తెచ్చి మొగుడి చేతికిచ్చింది.

“ఇది తాగే నీళ్లకి. ఎవరికీ ఇచ్చేయకండి. నా పేరుంది దీని మీద. మళ్లీ తెచ్చి నా చేతిలోనే ఎట్టాలి” అంది.

“నీ పేరు సముద్రాలన్నీ తిప్పి మరీ తెత్తానే” అని పోలయ్య నవ్వాడు. అచ్చమ్మ మాత్రం నవ్వలేదు.

లండనులో సరుకుతో పాటు ఓడ కూడా అమ్ముడుపోయింది. కళాసీలను రేవు పక్కన ఒక కొట్టంలో పడేశారు. ఇంటికి వెళ్లే ఓడ ఇవాళ దొరుకుతుంది, రేపు దొరుకుతుంది అంటూ చలికాలం గడిచిపోయింది. సరిగ్గా అప్పుడే కెప్టెన్ హార్‌గ్రేవ్ తన ఓడకి మనుషులు చాలక వెతుకుతున్నాడు. ఎక్కడికి వెళ్లాలని అడిగితే కళాసీల పెద్ద సరంగు ‘ఉత్తరానికి’ అన్నాడు. ఎర్రయ్య మొహం వెలిగిపోయింది.

“ఉత్తరమంటే కళింగపట్నం, కలకత్తా కదా బావా! మనింటి పక్కకే. పద, ఎక్కేద్దాం!”

కోరంగి వాడికి ఉత్తరం అంటే అంతే మరి. రేవులోంచి బయటపడి ఎడమ చేతి పక్కకి తిరిగితే వచ్చేది కళింగపట్నమే. లండను నుంచి బయల్దేరినా ఉత్తరం ఉత్తరమే అనుకున్నాడు. ఆ మాట తప్పని చెప్పడానికి సరంగుకి నోరు రాలేదో, ఇష్టమే లేదో నాకు తెలియదు. ఎర్రయ్యని మాత్రం నేను ఒక్కనాడూ తప్పుపట్టలేదు. ఇల్లు ఎటుందా అని వెతుక్కునేవాడికి ఏ దిక్కు చెప్పినా ఇంటి దిక్కులాగే వినబడుతుంది.

ఓడ మీద నా బతుకు గురించి ఒక మాట చెప్పాలి, సిగ్గుపడినా సరే. ఇంట్లో అయితే తాగే చెంబు వేరు, బయటికి పట్టుకెళ్లే చెంబు వేరు. ఓడ మీద ఇద్దరికీ అన్నింటికీ నేనొక్కదాన్నే. బూడిదతో ఎన్నిసార్లు తోమినా పోలయ్యకి మనసొప్పేది కాదు. “మీ అక్కకి చెప్పకురోయ్” అని ఎర్రయ్యని బతిమాలేవాడు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

వెళ్తున్న కొద్దీ చలి ముదిరింది. తాళ్లు కర్రల్లా బిగుసుకున్నాయి. తెల్లవాళ్లకి బొచ్చు కోట్లు, తోలు తొడుగులు ఇచ్చారు. కళాసీలకి పాత గోనెలు ఇచ్చి కోసి తొడుక్కోమన్నారు. ఒకరోజు తెరచాప స్తంభం పైన కాపలా ఉన్న పోలయ్య, “గట్టు! గట్టు కనపడతంది!” అని కేకేశాడు. కెప్టెన్ అప్పుడు గడ్డం గీసుకుంటున్నాడు. సబ్బు నురగతోనే బయటికి పరుగెత్తుకొచ్చాడు. తర్వాత తన లావుపాటి పుస్తకంలో ‘నేను ఆ ద్వీపాన్ని మొట్టమొదట చూసిన క్షణం’ అంటూ ఒక అధ్యాయం రాసుకున్నాడు. నురగ సంగతి అందులో లేదు. పోలయ్య సంగతి అసలే లేదు.

ద్వీపం అంటే ఏమనుకున్నారు? నల్ల రాయి, దాని మీద మంచు, మంచు మీద గాలి. చెట్టన్నది లేదు. కెప్టెన్ దిగీ దిగగానే పేర్లు పెట్టడం మొదలుపెట్టాడు. పెద్ద కొండకి పెళ్లాం పేరు, చిన్న కొండకి మామగారి పేరు, అఖాతానికి ఈ యాత్రకు పెట్టుబడి పెట్టిన సబ్బుల వ్యాపారి పేరు పెట్టాడు. రాళ్ల మీద పడుకున్న సీల్ జంతువుల్ని ఎందుకో వదిలేశాడు. అంత పేర్ల పిచ్చి ఉన్నవాడు తన ఓడలో తాళ్లు లాగేవాళ్ల పేర్లు ఒక్కటీ ఎరగడు. అందరినీ ఒకే కూతతో పిలిచేవాడు.

తన రాక ప్రపంచానికి తెలియాలంటే కొండకొమ్మున రాళ్లతో ఒక గుర్తు కట్టాలన్నాడు. తెల్ల నావికులు సీళ్ల వేటకి వెళ్లారు, రాళ్లు మోసే పని కళాసీల నెత్తిన పడింది. పోలయ్యకి అప్పటికే జ్వరం. తడి గోనెల్లో పడుకుని పడుకుని దగ్గు గుండెల్లోకి దిగింది.

“బావకి ఒంట్లో బాగోలేదు దొరా. ఆడి రాళ్లు నేను మోత్తాను, ఆడిని ఓడలో ఉండనివ్వండి” అని ఎర్రయ్య చేతులు జోడించాడు.

సరంగు ఆ మాటని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. పనిచేస్తే ఒళ్లు వేడెక్కుతుంది, అదే మందు అన్నాడు కెప్టెన్. బొచ్చు కోటులో ఉండి అన్నాడు!

పోలయ్య రాయి ఎత్తుకుని కొండ సగం ఎక్కి కూలబడ్డాడు. ఎర్రయ్య అతన్ని ఒక బండ చాటుకి లాగి తల ఒళ్లో పెట్టుకున్నాడు. దాహం, దాహం అన్నాడు పోలయ్య. చుట్టూ ఎటు చూసినా నీరే, గడ్డకట్టిన నీరు. ఎర్రయ్య నా నిండా మంచు కూరి, నన్ను చొక్కా కింద పొట్టకి ఆనించుకున్నాడు. ఆ చల్లదనానికి అతని పళ్లు టకటకలాడాయి, అయినా నన్ను వదల్లేదు. మంచు కరిగి గుక్కెడు నీళ్లయ్యాక బావ నోట్లో పోశాడు.

“మన నూతి నీళ్లలాగున్నాయిరా” అన్నాడు పోలయ్య. కాసేపటికి ప్రాణం పోయింది.

ఆ చివరి గుక్క నా అంచు మీదుగానే వెళ్లింది. రాజుగారి పేరు చెప్పి నాలో ఎవడో తాగాడని రాసినప్పుడల్లా నాకు ఆ గుక్కే గుర్తొస్తుంది. కోపం రాక ఏం వస్తుంది?

తవ్వుదామంటే నేల గునపానికి లొంగలేదు. కాలుద్దామంటే కట్టె లేదు. ఎక్కడినుంచో సముద్రం మోసుకొచ్చిన ఎండుదుంగ ఒకటి ఒడ్డున ఉంది. అది ఒక మనిషికి చాలదని ఎర్రయ్యకీ తెలుసు. నిప్పన్నా తగిలించి పంపాలనుకున్నాడు. ఆ దుంగ ఇప్పించమని అడిగాడు. అదిచ్చేస్తే జెండా దేనికి కట్టను అన్నాడు కెప్టెన్. శవాన్ని సముద్రంలో వేసేయమన్నాడు. ఎర్రయ్య మొదటిసారి ఎదురుతిరిగాడు.

“సముద్రంలో ఏత్తే ఆనవాలుండదు. రేపు మా అక్క ఎక్కడున్నాడ్రా అంటే నేను ఏటి చూపించాలి?”

కళాసీలంతా అతని పక్కన నిలబడ్డారు. గుర్తు కోసం మోసుకొచ్చిన రాళ్లన్నీ పోలయ్య మీదికి చేర్చారు. తలని దక్షిణం వైపు పెట్టారు. పోయినవాళ్లని మా ఊళ్లో అలాగే పడుకోబెడతారు. పైగా అక్కణ్ణించి కోరంగి ఉన్నది కూడా అటే. ఎర్రయ్య ఒక్కొక్క రాయే సందులేకుండా పేర్చాడు. గాలి కూడా దూరకూడదని పగుళ్లలో చిన్నరాళ్లు కొట్టాడు. చివరికి నన్ను నీళ్లతో నింపి తలవైపున, అచ్చమ్మ పేరు బయటికి కనిపించేలా, రాళ్ల మధ్య బిగించాడు. దాహంతో పోయినవాడు కదా.

నా మీద చెయ్యేసి, “బావా, నేను మళ్లీ వత్తానో రానో. ఎవడో ఒకడు వత్తాడు. అక్క పేరుంది దీని మీద. సదువొచ్చినోడెవడైనా సదివి, ఇది కోరంగోళ్ల మనిషని తెలుసుకుంటాడు. నీకేం భయం లేదు” అన్నాడు.

ఎర్రయ్యకి ఒక్క అక్షరం రాదు. అక్షరాలు వచ్చినవాళ్లకి ఏ అక్షరాలైనా వస్తాయని అనుకున్నాడు. లోకంలో అక్షరాలు ఒకటే రకం అనుకున్నాడు, పాపం. ఆ నమ్మకంతోనే కళ్లు తుడుచుకుని కొండ దిగాడు. మళ్లీ అతన్ని నేను చూడలేదు.

అతను దిగుతుండగానే కెప్టెన్ పైకి వచ్చాడు. సముద్రంలో మంచు మూసుకొస్తోందని, త్వరగా వెళ్లిపోవాలని తొందరపడుతున్నాడు. తను చెప్పిన గుర్తు కట్టలేదని గ్రహించాడు. పోలయ్య మీదున్న గుట్టను చూశాడు, దాని చుట్టూ ఒక్కసారి తిరిగాడు.

“ఇదే సరిపోతుంది” అన్నాడు.

పోలయ్య కాళ్లవైపున ఆ దుంగ పాతించి జెండా ఎగరేశాడు. టోపీలు గాల్లోకి ఎగరేసి అరిచారు. ఆ పుస్తకంలో తర్వాత రాశాడట, ‘ఈ యాత్రలో ఒక్క ప్రాణమూ పోలేదు’ అని. ఆ వాక్యాన్ని ఇక్కడ గోడ మీద పెద్ద అక్షరాలతో చెక్కించారు. రోజూ నా కంటికి ఎదురుగా అదే.

ఓడ వెళ్లిన సాయంత్రానికే నాలో నీళ్లు గడ్డకట్టాయి. గడ్డకట్టిన నీరు పొంగుతుంది కదా. నా అడుగు కిర్రుమని బయటికి ఉబ్బింది. పండితుడుగారు వ్యాసం రాసిన ఉబ్బు అదే. పోలయ్యకి పెట్టిన నీళ్లు నాలో మిగిల్చిన గుర్తు అది. దాన్ని పట్టుకుని సారా ఒలకకుండా చేసిన ఏర్పాటంటారా?

ఆ తర్వాత నేనూ అతనూ ఉండిపోయాం. ఎండొచ్చినప్పుడు నాలో మంచు కరిగేది, పోయినప్పుడు మళ్లీ బిగుసుకునేది. తల దగ్గర నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉండేవి. పోలయ్యకి చెంబూ, చెంబుకి పోలయ్యా. నాకు అక్కడ కోపం లేదు. మనుషులు రానంతకాలం ఆ చోటు మంచిదే.

మళ్లీ వచ్చారు. హార్‌గ్రేవ్ ఇంకో యాత్రకెళ్లి ఆ మంచులోనే ఎక్కడో తప్పిపోయాడట, ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిన ఓడ అది. ఆ పక్కకి వచ్చే దొరలకి ఒక అలవాటుంది. తాము వచ్చినట్టు కాగితం రాసి, డబ్బాలో పెట్టి, దాని మీద రాళ్లు పేరుస్తారు. అందుకని ఎక్కడ రాళ్లగుట్ట కనిపించినా ఊడదీసి కాగితం కోసం వెతుకుతారు. మన పక్కన ఇలాంటి గుట్ట కనబడితే పిల్లలు కూడా తొక్కకుండా తప్పుకుని పోతారు. వీళ్లు దాన్ని చూసి సంబరంతో గంతులేశారు. ‘ఉత్తరం ఉంటుంది, ఉత్తరం!’ అంటూ గునపాలు తెచ్చారు.

ఎర్రయ్య అంత ఓపికగా కొట్టిన చిన్నరాళ్లని ఎగజిమ్మారు. పోలయ్య బయటపడ్డాడు. ఆ చలికి అతను చెక్కుచెదరలేదు. ఒకడు టోపీ తీశాడు, నిజం చెప్పాలి కదా. కానీ వాళ్ల పెద్ద వెంటనే మోకాళ్ల మీద కూర్చుని పోలయ్య తల కింద చెయ్యి పెట్టి వెతికాడు. గోనె విప్పి ఛాతీ తడిమాడు. నన్ను తిరగేసి విదిల్చాడు. “కాగితం లేదు” అన్నాడు నిరాశగా. మనిషి దొరికాడు రా నాయనా, కాగితం ఎందుకు నీకు! ఎవడో నావికుడి శవం, పేరు తెలియదు అని తేల్చుకున్నారు. పేరు నా మీద ఉంది. వాడి బొటనవేలు సరిగ్గా అచ్చమ్మ మీదే ఉంది.

పోతూ పోతూ వాళ్లు ఏం చేశారో వినండి. ‘మేము వచ్చాము, వెతికాము, ఏమీ దొరకలేదు’ అని కాగితం రాసి, రేకు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాని పోలయ్య గుండెల మీద పెట్టారు. నన్ను తీసిన చోటే మళ్లీ బిగించి, మిగతా రాళ్లు ఎలా పడితే అలా కుప్పపోశారు. తర్వాత ఇంకో దేశం జెండాతో ఇంకో ఓడ వచ్చింది. వాళ్లూ గుట్ట ఊడదీశారు. పాత డబ్బా తీసుకుని తమ డబ్బా పెట్టారు. పోలయ్య గుండెల మీద తపాలా కచేరీ తెరిచారు! ఒకడి ఉత్తరం ఇంకొకడు తీసుకోవడం, తనది పడేసి పోవడం. ఆ ఉత్తరాలన్నింటిలో ఉన్న సమాచారం ఏమిటయ్యా అంటే, మేం వచ్చాం అని.

ఆ రెండో జెండా ఓడలోని అధికారి ఒకడు నన్ను పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. హార్‌గ్రేవ్ పుస్తకంలో రాజుగారి పేరు చెప్పి సారా తాగినట్టు ఒక ముక్క ఉందట. అది గుర్తొచ్చింది వాడికి. ‘ఆ పాత్ర ఇదే’ అని కేకపెట్టాడు. నన్ను మెత్తటి గుడ్డలో చుట్టి సంచిలో వేసుకున్నాడు. పోలయ్య తల దగ్గర నేనున్న చోట ఖాళీ రంధ్రం మిగిలింది. గుడ్డ పూర్తిగా కప్పేసేవరకూ నేను దాన్నే చూస్తూ ఉన్నాను.

హార్‌గ్రేవ్ పుట్టిన ఈ రేవుపట్నంలో కొత్త దేశాలు కనిపెట్టినవాళ్ల సంఘం ఒకటుంది. నన్ను వాళ్లు కొన్నారు. ఏడాదికొకసారి విందులో నాలో సారా పోసి, లేచి నిలబడి, హార్‌గ్రేవ్ పేరు చెప్పి, ఒకరి తర్వాత ఒకరు నన్ను నోటికి ఎత్తుకునేవాళ్లు. బిషప్పులు, జడ్జీలు, నైట్ బిరుదున్న పెద్దమనుషులు. ఓడ మీద పోలయ్య నన్ను ఇంకా ఎందుకెందుకు వాడుకున్నాడో మీకు ముందే చెప్పాను. నాకు నోరుంటే ఆ విందులో ఒక్క మాట చెప్పి ఊరుకునేదాన్ని. ఇన్నేళ్ల బాధలో నాకు దక్కిన నవ్వు అదొక్కటే, దాన్ని దాచుకోను.

తర్వాత మ్యూజియానికి ఇచ్చేశారు. ఇక్కడ నన్ను తోమే వాళ్లకి ఎంత శ్రద్ధో! మెరవాలి, మెరవాలి అని పేస్టు పెట్టి రుద్ది రుద్ది అక్షరాలు అరగదీశారు. ‘కా’ సగం పోయింది. ‘డి’ గుడి పోయింది. ఒక్కో రుద్దుడికి అచ్చమ్మ కొంచెం కొంచెం పోతుంటే గిలగిలలాడాను. ఈమధ్య విహారయాత్ర ఓడలు కూడా ఆ ద్వీపానికి వెళుతున్నాయట. వెళ్లొచ్చినవాళ్లు ఇక్కడికి వచ్చి, “హార్‌గ్రేవ్ గుట్ట మీద మేమూ ఒక రాయి పెట్టి ఫొటో దిగాం” అని మురిసిపోతుంటారు. పోలయ్య మీద ఇంకా రాళ్లు పడుతూనే ఉన్నాయన్నమాట.

మొన్న ఒక వానరోజున ఇద్దరు లోపలికి వచ్చారు. రేవులో ఆగిన సరుకు ఓడ తాలూకు మనుషులు. ఒకామె ఆ ఓడలో థర్డ్ ఆఫీసరు, నాగదుర్గ. వెనకాల వయసు మళ్లిన సరంగు అప్పలకొండ, భీమిలి పక్కవాడు. తడిసిన జుట్టు దులుపుకుంటూ అన్ని పెట్టెలూ చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగారు. అప్పలకొండ కళ్లు చిట్లించి చూసి గొల్లున నవ్వాడు.

“ఇదేటమ్మా! మా ముసల్ది దొడ్డికెళ్లే సెంబునాగుంది! రాజుగోరి పాత్రంట, సూడండి!”

సెంబు అన్నాడు. చెంబు! ఎంతకాలమైందో ఆ మాట విని. నాలో గంట ముక్క ఒకటుందని చెప్పానే, అది మోగినంత పనైంది.

నాగదుర్గ నవ్వలేదు. గాజుకి మొహం ఆనించింది. “ఆగండాగండి అప్పలకొండ గారూ. ఇయ్యి చుక్కలు కావు. పేరు కొట్టించారు. మా అమ్మమ్మ బిందె మీద కూడా ఇలాగే ఉండేది” అని వేలితో గాజు మీద రాస్తూ చదివింది. “మా... ముందేదో పోయింది... కామా... కామాడి. కామాడోళ్లు మా పక్కూళ్లో ఉన్నారు! అచ్చం... అచ్చం... మ? ఆయ్, అచ్చమ్మ! కామాడి అచ్చమ్మ!”

నన్ను నీళ్లతో నింపి ఇచ్చిన చెయ్యి కళ్లముందు కదిలింది. ఎర్రయ్య చెప్పిన మాట నిజమైంది. ఎవడో ఒకడు వస్తాడన్నాడు, వచ్చింది. చదువుతాడన్నాడు, చదివింది. వంద దాటి ఎన్నేళ్లో లెక్కలేదు, అయినా చదివింది!

ఆమె అక్కడితో ఊరుకోలేదు. మ్యూజియం అధికారిణి మిస్ ఫెల్టన్‌ని పిలిపించింది. మర్యాద ఉట్టిపడే మనిషి. ఇవి తెలుగు అక్షరాలనీ, కోరంగి పక్క ఆడమనిషి పేరనీ నాగదుర్గ చెబితే ఎంతో ఆసక్తిగా విన్నది.

“ఈ చెంబు ఆ గుట్టలో సరిగ్గా ఎక్కడ దొరికింది?” అని నాగదుర్గ అడిగింది.

“దక్షిణపు కొసన, రాళ్ల మధ్య నిటారుగా బిగించి ఉందట. పక్కనే ఎవరో నావికుడి తల కనబడిందని రాశారు.”

“తల దక్షిణం వైపు ఉంది. తల దగ్గర నీళ్లచెంబు ఉంది. మేడమ్, అది మీ కెప్టెన్ కట్టించిన గుర్తు కాదు. మా వాళ్లు కట్టుకున్న సమాధి.”

“కావచ్చు. చాలా మంచి ఊహ” అంది మిస్ ఫెల్టన్. “కానీ కెప్టెన్ ఈ పాత్రని ఎక్కడో కొని ఉండవచ్చు కదా. మీరు చెప్పినదానికి ఏదైనా కాగితం ఉందా?”

కాగితం! మళ్లీ కాగితం! గునపం పట్టుకున్నవాడూ అదే అడిగాడు, గంధపు వాసన వేసే ఈ తల్లీ అదే అడిగింది. నాగదుర్గ మొహం ఎర్రబడింది.

“ఒంటి మీద పేరుంటే చాలదా అండీ? కాగితం రాసే స్తోమత ఉంటే వాళ్లు మీ రాళ్లు మోస్తారా?” అంది. మిస్ ఫెల్టన్ ఈ సంగతి నోట్ చేసుకుంటానని మాటిచ్చింది.

వెళ్లే ముందు నాగదుర్గ మళ్లీ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“కోరంగిలో ఇప్పుడు రేవే లేదు కదమ్మా” అన్నాడు అప్పలకొండ.

“లేదండి. ఎప్పుడో ఉప్పెనొచ్చి ఊరికి ఊరే తుడిచిపెట్టుకుపోయిందంట. ఈ అచ్చమ్మ గారు ఏమయ్యారో” అంది.

నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. ఎర్రయ్య ఇల్లు చేరాడా? చేరి ఉంటే అక్క కళ్లలోకి ఎలా చూశాడు? చేరకపోతే అచ్చమ్మ గాజులు తీయాలో ఉంచుకోవాలో తెలియక గట్టు మీద నిలబడుతూనే ఉందా, నీళ్లు ముంచుకొచ్చే దాకా? నా చేతిలోనే పెట్టాలి అంది. ఇప్పుడు ఆ చేతిని ఎక్కడ వెతకను? ఏడవడానికి చెంబుకి వీలుండదు. ఉంటే ఈ గాజుపెట్టె నిండిపోయేది.

నాగదుర్గ గాజు మీద అరచెయ్యి ఆనించి, “మీ ఇంటాయనేనా అండీ అక్కడున్నది?” అని మెల్లగా అడిగింది. అవునని చెప్పలేకపోయాను. నా మీద అచ్చమ్మ పేరే ఉంది, పోలయ్య పేరు లేదు. ఓడ కదిలే వేళైందని అప్పలకొండ గుర్తుచేస్తే వెళ్లిపోయారు.

మిస్ ఫెల్టన్ మాట తప్పలేదు. నిన్న కొత్త అట్టముక్క పెట్టించింది. ‘కెప్టెన్ హార్‌గ్రేవ్ గారి విజయపాత్ర. భారతదేశంలో తయారైనది. దీని మీద ఒక స్త్రీ పేరు కలదు. బహుశా ఈ పాత్రను చేసిన పనిమనిషిది కావచ్చు.’ పనిమనిషి! నన్ను చేసింది అచ్చమ్మ కాదమ్మా, నన్ను పంపి ఎదురుచూసింది. దాని కింద పాత వాక్యం అలాగే ఉంచారు: ‘ఈ ద్వీపంలో మనుషులు ఎన్నడూ నివసించలేదు, నేటికీ ఎవరూ లేరు.’

ఒకడున్నాడు. నాగదుర్గకి చెప్పలేకపోయాను గనక మీకు చెబుతున్నాను. అతని పేరు సంగాడి పోలయ్య, కామాడి అచ్చమ్మ పెనిమిటి. తల దక్షిణానికి పెట్టుకుని, దాహంతో పడుకున్నాడు. అతని తలదగ్గర ఇప్పుడు నీళ్లు లేవు. చెంబు ఇక్కడుంది.